ఒకే జనం, మధ్యలో ఒక గీత: మలావీలో పడదు, జాంబియాలో పడుతుంది. ఎందుకు?

"ఆ రెండు తెగలకీ ముందు నుంచీ పడదు" అనే మాట వార్తల్లో వింటూనే ఉంటాం. భాష వేరు, ఆచారాలు వేరు, కాబట్టి పడదు అంటారు. సరే, అది నిజమో కాదో చెక్ చేయడం ఎలా? కంపారిటివ్ పాలిటిక్స్, అంటే దేశాల రాజకీయాల్ని పోల్చి చూసే సబ్జెక్ట్, ఇక్కడే పనికొస్తుంది.

యాప్‌లో బటన్ రంగు మార్చాలంటే సగం మందికి పాతది, సగం మందికి కొత్తది చూపించి తేడా కొలుస్తాం. దేశాలతో అలా కుదరదు కదా! అందుకే దాదాపు అన్నిట్లో ఒకేలా ఉండి, ఏదో ఒక్కదాంట్లో తేడా ఉన్న రెండు చోట్లని వెతుకుతారు. జాన్ స్టువర్ట్ మిల్ 1843లోనే ఈ పద్ధతి గురించి రాశాడు. చెప్పడం ఈజీ. అలాంటి జంట దొరకడమే కష్టం.

ఆఫ్రికాలో ఒకటి దొరికింది. మలావీ, జాంబియా పక్కపక్క దేశాలు. 1891లో బ్రిటిష్ సౌత్ ఆఫ్రికా కంపెనీ తన పరిపాలన సౌకర్యం కోసం ఒక సరిహద్దు గీసింది. అక్కడ ఎవరుంటున్నారన్నది పట్టించుకోలేదు. దాంతో చేవా, టుంబుకా అనే రెండు తెగలూ చీలిపోయి అటూ ఇటూ పడ్డాయి. అవే భాషలు, అవే ఆచారాలు.

డానియల్ పోస్నర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ఆ సరిహద్దు దగ్గర నాలుగు ఊళ్లలో సర్వే చేసి, 2004లో పేపర్ వేశాడు. అవతలి తెగ మనిషి ప్రెసిడెంట్‌గా పోటీ చేస్తే ఓటేస్తారా అని అడిగితే, మలావీ వైపు పదిమందిలో ఆరుగురు వెయ్యం అన్నారు. జాంబియా వైపు ఇద్దరే. పెళ్లి సంబంధం చేసుకుంటారా అన్నా దాదాపు అదే తేడా.

ఆచారాల్లో తేడాయే కారణమైతే రెండు వైపులా ఒకే జవాబు రావాలి కదా. రాలేదు. మరి మారింది ఏంటి? పోస్నర్ జవాబు: లెక్క. మలావీ జనాభాలో ఈ రెండూ పెద్ద తెగలే, కాబట్టి తెగ పేరు చెప్పి ఓట్లు అడిగితే గిట్టుబాటవుతుంది. జాంబియాలో రెండూ చిన్నవి. విడివిడిగా ఎవరికీ పనికిరావు. అందుకని ఇద్దరూ కలిసి "మేం తూర్పు వాళ్లం" అంటారు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. మలావీని 1994 దాకా ఏలిన బండా చేవా వాళ్లని వెనకేసుకొచ్చాడు, 1968లో వాళ్ల భాషని జాతీయ భాష చేశాడు. మరి కారణం లెక్కా, బండానా? నా ఓటు లెక్కకే. చేవాలు నాలుగు శాతమే ఉండుంటే బండాకి ఆ ఎత్తు పారేది కాదు. కానీ ఇది నా అంచనా. దీన్ని నిరూపించలేను, ఎందుకంటే ఉన్నవి రెండే దేశాలు, కారణాలు మాత్రం బోలెడు. 1971లో లైప్‌హార్ట్ అనే ఆయన ఈ సబ్జెక్ట్‌కి ఉన్న అసలు తలనొప్పి ఇదేనన్నాడు. దాన్ని ఎలా దాటతారో నెక్స్ట్ ఎపిసోడ్‌లో చూద్దాం.