హరితభవనములు – బస్సుల లెక్క
(ఒక పఠనమందిరమున చేసిన ప్రసంగపాఠము)



మహాభవనమును కట్టి దానికి "హరిత" బిరుదము సంపాదించుట నేడు గౌరవచిహ్నమైనది. ఇందు 1993లో స్థాపితమైన అమెరికా హరితభవనమండలివారి "లీడ్" విధానము ప్రసిద్ధము. మన హైదరాబాదునకును ఇది క్రొత్త కాదు; 2003లో అమెరికా వెలుపల మొట్టమొదట లీడ్ ప్లాటినం బిరుదమును పొందినది ఇచ్చటి సోహ్రాబ్జీ గోద్రెజ్ కేంద్రమే.

గోడలెంత చల్లగా నున్నను, లోని జనులందఱును కార్లలో వచ్చి దిగినచో ఆ హరితత్వము గుమ్మముకడనే వాడిపోవును. కావుననే ప్రజారవాణాకును అంకము లిచ్చుచున్నారు. 2009 నాటి నియమము ననుసరించి పావుమైలు నడకలో రెండు బస్సుమార్గము లున్న జాలును. బస్సు దినమున కెన్నిసార్లు వచ్చునను ప్రశ్నయే లేదు. 2013లో వెలువడిన నాల్గవ కూర్పు ఆ లోపమును దిద్దినది. ఆ కూర్పు ననుసరించి బస్సైనచో 400 మీటర్ల, రైలైనచో 800 మీటర్ల నడకలో, క్రొత్త కట్టడమున కొక అంకము రావలెనన్న పనిదినమున 72 ట్రిప్పులు, శని ఆదివారముల లెక్కలో 40 ఉండవలసియుండెను. ఐదంకములకు 360, 216 కావలసియుండెను.

ఇక లెక్కించు పద్ధతి. న్యాయస్థానమున ఒకే సాక్షి రెండుమాఱులు బోనెక్కినంతమాత్రమున ఇద్దఱు సాక్షులు కానేరరు. అట్లే పోయిన బస్సు తిరిగివచ్చిన రెండు ట్రిప్పులు కావు; ఒక దిశయే లెక్కకు వచ్చును. ఒకే మార్గమునకు సమీపమున రెండు స్టాపులున్నను ఒక స్టాపు ట్రిప్పులే చెల్లును. దూరమును పటముపై గీత గీచి కాదు, నడచు దారి వెంబడి కొలువవలెను.

శని ఆదివారముల నియమమును కొందఱు చాదస్త మందురు. మే మంగీకరింపము. అధికారికి ఆదివారము సెలవు. కావలివానికి, ఊడ్చు తల్లికి, ఆసుపత్రి నర్సుకు సెలవేది? పనిదినములలో బస్సులు వఱదలై పాఱి ఆదివారమున ఎండిపోయినచో ఆ భవనము వారి పాలిటికి హరితము కాదు.

అయినను ఈ లెక్క కాలపట్టికను జూచునే గాని కదలిన చక్రమును జూడదు. ఫలకము గోడపై నిలుచును; బస్సు మఱునాడు తగ్గిపోవచ్చును. కావున బిరుదము పొందిన యజమానులు ఏటేట ఆ లెక్కను తిరిగి తీసి గుమ్మమున ప్రకటింపవలెనని మేము కోరుచున్నాము. పౌరులారా, మీరును ఒక ఆదివారము స్టాపుకడ కూర్చుండి వచ్చిన బస్సులను లెక్కింపుడు. కాగితముపై నున్నవియు, బాటపై వచ్చినవియు సరిపోలనినాడు ఆ లెక్కను రవాణా అధికారుల ముందుంచుడు. అడుగనివాని యూరికి బస్సు రాదు.