డాబా మీది టెలిస్కోపుకి చిన్న కంప్యూటరు

నక్షత్రాల ఫొటోలు తీసే సరదా ఉన్న ఇంట్లో, టెలిస్కోపు పక్కన పెట్టడానికి ఏ కంప్యూటరు కొనాలన్న ప్రశ్న వస్తుంది. ఖరీదైనదే కావాలా? అక్కర్లేదు. కెమెరాని నడపడం, టెలిస్కోపు గురి తప్పకుండా చూడడం, ఫొటోలు దాచడం, దాని పని ఇంతే. ఆ ఫొటోలన్నీ కలిపి మెరుగుపరిచే బరువు పని మర్నాడు ఇంట్లో ఉన్న కంప్యూటరు మీద తీరిగ్గా చేసుకోవచ్చు.

అందుకని ముందు ప్రోగ్రాము ఎంచుకోండి, పెట్టె సంగతి తర్వాత. నీనా ఉచితమేగాని, విండోస్ మీదే నడుస్తుంది. దానికి 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 చిప్పున్న మినీ పీసీ సరిపోతుంది. కేస్టార్స్‌లోని ఈకోస్ కూడా ఉచితమే. దానికి 2019 నాటి రాస్ప్‌బెర్రీ పై 4 చాలు. మీ కెమెరాకి అందులో డ్రైవరుందో లేదో డబ్బు కట్టకముందే చూసుకోండి.

ఇంకోమాట. ఈ పైకి 5 వోల్టులే ఇవ్వాలి. 12 వోల్టుల బ్యాటరీ నేరుగా తగిలించారో, పాడైపోతుంది! మధ్యలో కన్వర్టరు పెట్టండి.

మిగిలిన డబ్బు టెలిస్కోపుని మోసే మౌంటుకి దాచండి. అది ఊగితే ఏ కంప్యూటరూ ఫొటోని కాపాడలేదు.