గడి గడికీ రెట్టింపు: ఒక ఇరవై అంకెల సంఖ్య



చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు... ఇలా అరవై నాలుగు గడులూ నింపితే మొత్తం ఎన్ని గింజలు? 18446744073709551615. ఇరవై అంకెలు. మన లెక్కలో లక్షా ఎనభై నాలుగు వేల కోట్ల కోట్ల పైచిలుకు.

మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని తెలుగు చేసిన పావులూరి మల్లన పేరిట, ఈ మొత్తాన్ని చెప్పే పద్యం ఒకటి ఉంది. అందులో మాటలే అంకెలు: శరం అంటే ఐదు, వేదం అంటే నాలుగు, గగనం అంటే సున్నా. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి వెనక్కి రాసుకుంటూ పోతే ఇరవై అంకెలూ వస్తాయి, ఒక్కటీ తప్పదు. ఛందస్సు చెడకుండా ఇంత లెక్కను పద్యంలో దాచడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

అయితే చాలామంది ఈ లెక్కలో గింజల రాశిని చూసి ఆగిపోతారు. నన్ను అడిగితే అసలు అందం ఆ సంఖ్య లోపల ఉంది.

చివరి అంకె 5, కాబట్టి ఐదుతో భాగం పోతుంది. అంకెలన్నీ కూడితే 87, కాబట్టి మూడుతోనూ పోతుంది. తక్కినవాటికి చిన్న సూత్రం చాలు. ఏడేళ్ల నలభై తొమ్మిది. ఒకటి తీసేస్తే నలభై ఎనిమిది, అంటే ఆరెనిమిదులు. ఏ వర్గంలోంచి ఒకటి తీసినా ఇంతే: ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ, ఆ రెంటి లబ్ధం. మన గింజల మొత్తం కూడా ఒక వర్గానికి ఒకటి తక్కువే. సూత్రాన్ని మళ్లీ మళ్లీ వాడితే అది ఆరు ముక్కలవుతుంది: 3, 5, 17, 257, 65537, 4294967297.

మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. 1796లో గాస్ అనే జర్మన్ యువకుడు, పందొమ్మిదేళ్లు నిండకముందే, స్కేలు, వృత్తలేఖినితో పదిహేడు భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని నిరూపించాడు. అందులోని 17 ఈ వరసలోదే.

మరి ఆరోది? ఒక్కోదాంట్లోంచి ఒకటి తీసి, వర్గం చేసి, మళ్లీ ఒకటి కలిపితే తర్వాతది వస్తుంది; అలా సాగే ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని పదిహేడో శతాబ్దంలో గణితవేత్త ఫెర్మా నమ్మాడు. అంతటివాడి నమ్మకాన్ని 1732లో ఆయిలర్ అనే గణితవేత్త ఒక్క భాగహారంతో పడగొట్టాడు: 4294967297 అంటే 641 × 6700417. ఎలా పట్టాలి దీన్ని? గుడ్డిగా వెతకనక్కర లేదు. ఆయిలరే తర్వాత నిరూపించిన నియమం ప్రకారం, ఈ సంఖ్యను భాగించే ఏ ప్రధాన సంఖ్య అయినా 64 గుణిజానికి ఒకటి ఎక్కువ కావాలి. అలాంటివి 193, 257, 449, 577, ఆ తర్వాత 641. ఐదో ప్రయత్నంలోనే దొరుకుతుంది! పెద్ద సంఖ్య ముందు మనకు కావలసింది ఓపిక కంటే ఇలాంటి నియమం.

65537 దాటాక ఆ వరసలో మరో ప్రధాన సంఖ్య ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. ఇక లేదని నిరూపించినవారూ లేరు.

ఈ సభలో ఉన్న పిల్లలకు ఒక మాట. ఇంటికెళ్లి కాలిక్యులేటర్ ముట్టుకోకుండా 4294967297ను 641తో భాగించండి. శేషం సున్నా రావాలి.