జేఎన్‌టీయూ కాలేజీలో సీటా? ముందు ఏ జేఎన్‌టీయూనో చూడండి!

వెబ్ ఆప్షన్ల టైమ్ వచ్చిందంటే నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే. "అన్నా, జేఎన్‌టీయూ కాలేజీలో సీటు వస్తుందంట, చేరమంటావా?" నేను తిరిగి అడిగేదీ ఒకటే. క్యాంపస్ కాలేజీనా, అఫిలియేటెడ్ కాలేజీనా? అక్కడ చాలామంది ఆగిపోతారు.

నా బీటెక్ డిగ్రీ మీద కూడా జేఎన్‌టీయూ కాకినాడ అనే ఉంటుంది. కానీ నేను నాలుగేళ్లు చదివింది ఒక ప్రైవేటు కాలేజీలో. కాకినాడ క్యాంపస్‌కి వెళ్లింది ఒక్కసారే, అదీ సర్టిఫికెట్ పని మీద. డిగ్రీ ఇచ్చేది యూనివర్సిటీ. పాఠం చెప్పేది, ల్యాబ్ చూపించేది కాలేజీ. ఈ రెండూ వేరు.

కాకినాడనే చూద్దాం. ఈ ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీ 1946లో విశాఖపట్నం కాలేజీగా మొదలై, తర్వాత కాకినాడకి వచ్చింది. 1972లో కాకినాడ, అనంతపురం, హైదరాబాద్ కాలేజీలను కలిపి జేఎన్‌టీయూ పెట్టారు. 2008లో మళ్లీ మూడూ వేర్వేరు యూనివర్సిటీలయ్యాయి. అంటే ముందు కాలేజీ, తర్వాతే యూనివర్సిటీ. ఆ పాత కాలేజీనే ఇప్పుడు యూనివర్సిటీ కాలేజ్ ఆఫ్ ఇంజనీరింగ్ కాకినాడ. ఇదే యూనివర్సిటీకి నరసరావుపేటలో ఇంకో కాలేజీ ఉంది. కాబట్టి క్యాంపస్ అన్నా, ఏ ఊరో చూసుకోవాలి.

కాకినాడ క్యాంపస్‌లో సివిల్, మెకానికల్, ఈఈఈ, ఈసీఈ, సీఎస్‌ఈతో పాటు పెట్రోలియం ఇంజనీరింగ్ కూడా ఉంది. పక్కనే కృష్ణా-గోదావరి బేసిన్ కదా! డిప్లొమా వాళ్లు ఈసెట్ రాసి నేరుగా సెకండియర్‌లో చేరొచ్చు. ఎంటెక్, పీహెచ్‌డీ కూడా అక్కడే.

ఇప్పుడు అసలు డౌట్: క్యాంపస్‌లో సివిలా, ప్రైవేటులో సీఎస్‌ఈనా? సాఫ్ట్‌వేరే చేయాలని గట్టిగా ఉంటే, మంచి అఫిలియేటెడ్ కాలేజీలో సీఎస్‌ఈ తీసుకున్నా నష్టం లేదు. కోడింగ్ ల్యాప్‌టాప్ ఉంటే రూమ్‌లో కూడా నేర్చుకోవచ్చు, నేనూ సగం అలాగే నేర్చుకున్నా. కానీ సర్వేయింగ్, హైడ్రాలిక్స్, ఎలక్ట్రికల్ మెషీన్స్ రూమ్‌లో కూర్చుంటే రావు. ల్యాబ్ కావాలి, ఆ మెషీన్ మీద చెయ్యి పెట్టించే సార్ కావాలి. అందుకే కోర్ బ్రాంచ్ తీసుకునేవాళ్లు క్యాంపస్ ఆప్షన్ పైన పెట్టండి.

అలాగని క్యాంపస్ అంటే అన్నీ బంగారమే అనుకోకండి. ప్రభుత్వ యూనివర్సిటీల్లో పర్మనెంట్ పోస్టులు ఖాళీగా ఉండి, కాంట్రాక్ట్, గెస్ట్ ఫ్యాకల్టీతో నడిచే డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. సీనియర్లని రెండే అడగండి: మీ బ్రాంచ్‌లో పర్మనెంట్ సార్లు ఎంతమంది? ల్యాబ్‌లో మీరే చేస్తారా, చూసి రికార్డు రాసేస్తారా?

చివరిగా, లాస్ట్ ర్యాంక్ పీడీఎఫ్ ఫోన్‌లో ఓపెన్ చేసి 'టైప్' కాలమ్ చూడండి. 'యూనివ్' అంటే యూనివర్సిటీ కాలేజీ. 'పీవీటీ' అంటే ప్రైవేటు. 'ఎస్‌ఎఫ్' అంటే యూనివర్సిటీలోనే సెల్ఫ్ ఫైనాన్స్ సీటు. క్యాంపస్ అదే, ఫీజు మాత్రం వేరు. అమ్మానాన్నలకి కూడా ఆ కాలమ్ చూపించి, ఫీజు లెక్క వేసుకున్నాకే ఆప్షన్లు ఫ్రీజ్ చేయండి.