ద్రౌపది అడిగిన ప్రశ్న

మంచివాళ్లకే ఇన్ని కష్టాలెందుకు? చెడ్డవాళ్లు హాయిగా ఎలా ఉంటున్నారు? మహాభారతం అరణ్యపర్వంలో ద్రౌపది ఈ ప్రశ్నే సూటిగా అడిగింది.

జూదంలో ఆమె భర్తలైన పాండవుల రాజ్యం దుర్యోధనుడి పాలైంది. 12 ఏళ్ల వనవాసం, ఆపై ఏడాది అజ్ఞాతవాసం. మీరు ధర్మాన్ని ఎన్నడూ విడవలేదే, మరి ఆ ధర్మం మిమ్మల్ని ఎందుకు కాపాడలేదని ద్వైతవనంలో ఆమె పాండవుల్లో పెద్దవాడైన ధర్మరాజును నిలదీసింది. దుర్యోధనుడికి సిరులిచ్చిన విధాతనే తప్పుపట్టింది.

ధర్మరాజు జవాబు వినండి. ఫలం ఆశించి తాను ధర్మం పాటించడం లేదన్నాడు. లాభం కోసం పాటించేవాడు ధర్మంతో వర్తకం చేస్తున్నట్టేనన్నాడు. కర్మఫలం ఎలా అందుతుందన్నది దేవరహస్యమే అయినా, అది వృథా పోదని నమ్మాడు.

ద్రౌపది అక్కడితో ఆగలేదు. దుఃఖంతో అలా అన్నానని చెబుతూనే, మనిషి ప్రయత్నం మానకూడదని గట్టిగా వాదించింది.

ఈ ఇద్దరి మాటలూ మనకు కావాలి. కష్టాల్లో ఉన్నవారిని పాపం చేశారని నిందించకండి. వారు దేవుణ్ణి ప్రశ్నిస్తే నోరు మూయించకండి. ప్రతిఫలం దక్కకపోయినా మంచిగానే ఉందాం, అన్యాయాన్ని మాత్రం ఎదిరిద్దాం.