ఆయాసాన్ని వయసు మీదికి నెట్టవద్దు

(పుంగనూరులో భక్తుల ఆరోగ్య సదస్సులో ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

 

గుడి మెట్లెక్కుతూ నడుమ ఆగి, “వయసు మీద పడింది నాయనా” అని సరిపెట్టుకొనే పెద్దలను నిత్యం చూస్తుంటాం. మా అమ్మగారూ అలాగే అనేవారు. వైద్యుడనై ఉండీ నేను ఆ మాట నమ్మాను. పొడిదగ్గు విడువక, వేళ్ల కొనలు లావెక్కిన తరువాతనే సి.టి. స్కాన్ తీయించాను. అప్పటికే ఊపిరితిత్తులలో మచ్చ కట్టింది.

గాయం మానినచోట చర్మం గట్టిపడినట్లు, ఊపిరితిత్తుల పలుచని పొరలు మందమై బిరుసెక్కుతాయి. దీనినే ఫైబ్రోసిస్ అంటారు. పీల్చిన గాలిలోని ప్రాణవాయువు రక్తంలోకి సులువుగా చేరదు. ఒకసారి ఏర్పడిన మచ్చను పూర్తిగా చెరిపే మందు నేటికీ లేదు. కనుక మూలాన్ని ముందే కనిపెట్టాలి.

ఈ పాఠం మన పొరుగునే ఉంది. మదనపల్లె చెంత ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయంలో ఫ్రిమాట్ మోలర్, బార్టన్ అనే వైద్యులు క్షయను పోలిన, క్షయ కాని వ్యాధినొకదానిని గుర్తించి 1940లో ప్రకటించారు. రోగుల రక్తంలో ఇసినోఫిల్ కణాలు మితిమీరి ఉండేవి. దానికి మూలం దోమల ద్వారా సంక్రమించే ఫైలేరియా క్రిములని తరువాత తేలింది. సకాలంలో గుర్తిస్తే డైఇథైల్ కార్బమజీన్ మాత్రలతో చాలామందికి నయమవుతుంది. ఉపేక్షిస్తే అదీ మచ్చగా మారవచ్చు.

మా అమ్మగారి వ్యాధికి మూలం మిద్దె మీది పావురాలు. పుణ్యమని ఏళ్ల తరబడి గింజలు చల్లి, రెట్టలు తామే ఊడ్చేవారు. ఆ ధూళి కొందరి ఊపిరితిత్తులకు పడదు. 2017లో ప్రచురితమైన దేశవ్యాప్త పరిశీలనలో, ఊపిరితిత్తుల పొరలు దెబ్బతిన్న 1,084 మందిలో సుమారు సగం మందిది ఇలా పీల్చినది పడక వచ్చిన వ్యాధే. రాళ్లు కోసే పనివారికి రాతిధూళి మరొక శత్రువు.

చికిత్సలో మొదటి మెట్టు మూలాన్ని తొలగించడం. కొందరికి స్టెరాయిడ్లు పనిచేస్తాయి. నింటెడానిబ్, పిర్ఫెనిడోన్ వంటి మందులు తగినవారిలో మచ్చ పెరుగుదలను నెమ్మదింపజేస్తాయి. పొగాకు మానడం, శ్వాస వ్యాయామం, ఫ్లూ, న్యుమోనియా టీకాలు, అవసరమైతే ఆక్సిజన్ తోడ్పడతాయి. ఏది ఎవరికన్నది వైద్యులే నిర్ణయించాలి.

నేడు అమ్మగారు మొదటి మెట్టు వద్దనే కూర్చుని స్వామికి చేతులు జోడిస్తారు. నేను ముందే అడిగి ఉంటే మరికొన్ని మెట్లు ఎక్కగలిగేవారేమో! ఈసారి మీ పక్కన ఎవరైనా ఆయాసంతో ఆగితే, “ఎన్నాళ్లుగా ఇలా ఉంది?” అని దయచేసి అడగండి. అదీ స్వామి సేవయే.

స్వస్తి.