అడిగి నేర్పే గురువు

(రేడియో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



మన గోదావరి కాలువ గట్ల మీద పెరిగిన పిల్లలు ఈత ఎలా నేర్చుకునేవారో మీకు తెలియంది కాదు. నడుముకి ఎండు సొరకాయ బుర్రలు కట్టి, మేనమామో పెదనాన్నో మొలలోతు నీళ్ళలో పక్కనే నిలబడి నేర్పేవారు. పుస్తకం చదివి ఎవరూ కాలువలో దూకలేదు. మరి యోగాసనాల దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త మనకెందుకు ఉండదో నాకు బోధపడదు.

మా వీధిలో ఒక పిన్నిగారున్నారు. ఏభై దాటిన మనిషి. ఫోనులో చూసి, గోడకి కాళ్ళు ఆనించి సర్వాంగాసనం మొదలుపెట్టారు. నాలుగు రోజులు హాయిగానే ఉందన్నారు. వారం తిరిగేసరికి మెడ తిప్పలేకపోయారు, కుడిచెయ్యి తిమ్మిరెక్కింది. డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి చూస్తే మెడపూసలు అప్పటికే అరిగి ఉన్నాయట! మూడు నెలలు మెడకి పట్టీ వేసుకుని తిరిగారు పాపం. తప్పు ఆసనానిది కాదు. "మీ మెడ ఎలా ఉందమ్మా?" అని ఆ ఫోను ఆవిడని అడగలేదు. అంతే.

అందుకే నేను చెప్పేది ఒక్కటే మాట. నేర్పేముందు మిమ్మల్ని అడిగేవారే గురువు. చేరిన మొదటిరోజే ఏమీ అడక్కుండా "పడుకోండి, కాళ్ళెత్తండి" అనేవారి దగ్గర చేరకండి.

ఏమడగాలంటారా? రక్తపోటు ఉందా, గుండెజబ్బు ఉందా అని అడగాలి. ఉంటే తలకిందులుగా చేసే ఆసనాలు, ఊపిరి బిగబట్టే కుంభకం పనికిరావు. కంటిలో నీటికాసులు ఉన్నవాళ్ళు శీర్షాసనం జోలికే పోకూడదు, అందులో కంటి ఒత్తిడి బాగా పెరుగుతుంది. నడుములో డిస్కు జారినవాళ్ళు బలవంతాన ముందుకి వంగితే నొప్పి ముదురుతుంది. గర్భిణులు, హెర్నియా ఉన్నవాళ్ళు, ఈమధ్యనే పొట్ట ఆపరేషను అయినవాళ్ళు కపాలభాతి చేయకూడదు. నెలసరి రోజుల్లో తలకిందుల ఆసనాలు మానమని సంప్రదాయం తెలిసిన గురువులు చెబుతారు. ఇవన్నీ వాళ్ళు అడగాలి, మనం దాచకుండా చెప్పాలి. సిగ్గుపడి లాభం లేదు.

జలనేతి సంగతి కూడా చెప్పాలి. ముక్కులో నీళ్ళు పోసి శుభ్రం చేసుకోవడం పాత పద్ధతే. కాని కుళాయి నీళ్ళతో, గోదావరి నీళ్ళతో చేయకండి. ముక్కుగుండా మెదడుకి చేరి ప్రాణం తీసే అమీబా ఒకటుంది. నీళ్ళు బాగా మరగకాచి, గోరువెచ్చగా చల్లార్చి, అర లీటరుకి చిన్నచెంచాడు ఉప్పు వేసి, మొదటిసారి గురువు ఎదుటే చెయ్యండి.

"ఈ జాగ్రత్తలన్నీ ఈ కాలం డాక్టర్ల మాటలు" అనుకునేరు! ప్రాణాయామం తొందరపడి చేస్తే చేసినవాడికే ముప్పని, మెల్లమెల్లగా వశం చేసుకోవాలని హఠయోగ ప్రదీపిక ఏనాడో హెచ్చరించింది. మైసూరులోను, తరువాత మద్రాసులోను యోగం నేర్పిన తిరుమలై కృష్ణమాచార్యులవారు 1989లో నూరేళ్ళు దాటి కన్నుమూశారు. వయస్సు, ఆరోగ్యం చూసి ఎవరికి తగినది వారికి విడివిడిగా నేర్పడం ఆయన పద్ధతి.

2015 నుంచి ఏటా జూన్ 21న అంతర్జాతీయ యోగా దినం జరుగుతోంది. 2025లో విశాఖ సముద్రతీరాన లక్షలమంది కూర్చుని చేశారు. చూడ్డానికి ముచ్చటే! ఉత్సాహం పుట్టడానికి అది మంచిది. కాని వేదిక మీద ఉన్నవారికి మీ మెడ కనబడదు. నేర్చుకోవడానికి పదిమంది ఉన్న చిన్న తరగతే మేలు.

గురువుని ఎలా ఎంచుకోవాలి? ఎక్కడ నేర్చుకున్నారు, ఎన్నేళ్ళుగా నేర్పుతున్నారు అని మొహమాటం లేకుండా అడగండి. కూరగాయలే ఏరి కొనే వాళ్ళం కదా మనం! కేంద్ర ఆయుష్ శాఖ 2018లో యోగా సర్టిఫికేషన్ బోర్డు పెట్టి ఉపాధ్యాయులకి పరీక్షలు జరిపిస్తోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ యోగం చదువు ఉంది. కాగితం ఉన్నంతమాత్రాన సరిపోదు, ఒకరోజు వెళ్ళి తరగతి చూడండి. నొప్పి అన్నవాళ్ళని ఆపుతున్నారా, "ఓర్చుకోండి" అంటున్నారా? చివర శవాసనం వేయించి విశ్రాంతి ఇస్తున్నారా? బీపీ, షుగరు మాత్రలు మానేయమంటున్నారా? అలా మానేయమంటే ఆ గుమ్మం మళ్ళీ తొక్కకండి. మందుల మాట డాక్టరుగారిదే.

మన వంతు జాగ్రత్తలూ ఉన్నాయి. భోజనం చేసి మూడు నాలుగు గంటలు గడవాలి. పెసరట్టు తిని పరుగెత్తి వెళ్ళి వంగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు! పక్కావిడ కాలివేళ్ళు అందుకుందని మనమూ అందుకోవాలని పంతం పట్టకండి. ఊపిరి ఎగపోసినా, కళ్ళు తిరిగినా, పోటు పుట్టినా అక్కడితో ఆపండి.

మా పిన్నిగారు యోగం మానేశారనుకునేరు. మెడ నెమ్మదించాక, డాక్టరుగారు సరేనన్నాకే, ఒక టీచరమ్మ దగ్గర చేరారు. మొదటిరోజు ఆవిడ అరగంట ప్రశ్నలే అడిగిందట, ఒక్క ఆసనమూ వేయించలేదట. "డబ్బు కట్టింది కబుర్లు చెప్పుకోవడానికా అనుకున్నానమ్మా" అని పిన్నిగారు నవ్వుతూ చెప్పారు. ఇప్పుడు కుర్చీలో కూర్చుని భుజాలు కదపడం, తేలిక శ్వాస, శవాసనం చేస్తున్నారు. రాత్రి నిద్ర పడుతోందట.

మీరూ నేర్చుకోండి. అడిగి నేర్పేవారి దగ్గరే నేర్చుకోండి. సెలవు.